మొక్, మొక్, మొక్: ఒక మూలభాష నుంచి రెండు భాషలు పుట్టించిన కేసు

కల్పిత భాషలు తయారుచేయడం నా పని. నవలలు, గేములు రాసేవాళ్ళు తమ కథాలోకంలోని జనానికి ఒక భాష కావాలని నా దగ్గరికి వస్తారు. ఈ కేసులో నేను చేసిన పొరపాటు ఈ పనిలో ఉన్న చాలామంది చేసేదే, అది బయటపడిన తీరు మాత్రం నాకు చాలా నేర్పింది. అందుకే వివరంగా రాస్తున్నాను. రచయిత అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, నవల పేరు, భాషల పేర్లు ఇవ్వడం లేదు. మాటలను కూడా మార్చాను. ఏ మాట ఏ మార్పుకు ఎలా లోనైందన్నది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

నేపథ్యం

ఆయన రాస్తున్నది మూడు భాగాల నవల. మొదటి భాగంలో ఒకే రాజ్యం, ఒకే భాష. రెండో భాగం సుమారు 1000 ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. అప్పటికి రాజ్యం చెదిరిపోయి, కొందరు కొండల మీదికి చేరారు, కొందరు నది సముద్రంలో కలిసేచోట స్థిరపడ్డారు. రెండు జాతులూ ఒకరినొకరు పరాయివాళ్ళనే అనుకుంటారు. కానీ వాళ్ళ మాటలు విన్న పాఠకుడికి, ఎవరూ చెప్పకుండానే, వీళ్ళు ఒక తల్లి పిల్లలన్న అనుమానం రావాలి. ఆయన అడిగింది ఇదే, నాకూ చాలా నచ్చింది.

మూలభాషను ఆయనే తయారుచేసుకున్నారు. సుమారు 400 మాటలు, అయిదు అచ్చులు, తక్కువ హల్లులు, పొందికైన విభక్తులు. నామవాచకాలు ఎక్కువగా అకారాంతాలే. మొక అంటే ఇల్లు, మొకి అంటే ఇళ్ళు, మొకెన్ అంటే ఇంట్లో, మొకు అంటే ఇంటిని. మిగతా మాటలు కూడా ఇదే బాటలో నడుస్తాయి: లుత (పడవ), తొన (ఊరు), సగ (దారి), కొల (చెయ్యి), నెర (రాయి). ఈ ఆరు మాటలతోనే కేసంతా చెప్పవచ్చు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేనాటికే ఆయన రెండుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి కొండ భాష కోసం మూలభాషలోని ప్రతి కకారాన్నీ గకారం చేశారు, ప్రతి తకారాన్నీ దకారం చేశారు. మొక కాస్తా మొగ అయింది, లుత లుద అయింది. అన్నీ ఒక్కలాగే మారాయి, ఏదీ పోలేదు, ఏ రెండూ కలిసిపోలేదు. ఇది అక్షరాలు మార్చి రాసే రహస్య లిపి లాంటిది. ఒక్క పట్టిక చేతిలో ఉంటే మూలభాషను అలాగే తిరిగి రాబట్టవచ్చు. 1000 ఏళ్ళ వాడుకలో ఏ భాషా ఇంత శుభ్రంగా మిగలదు.

అది తేలిపోయిందని ఆయనకే అనిపించింది. రెండోసారి ఒక్కో మాటనూ చెవికి ఎలా తోస్తే అలా మార్చారు. కొండ జనం గరుకుగా మాట్లాడాలని మొకను మగ్ర్ చేశారు, లుతను లోథ్ చేశారు, సగను జఖ్ చేశారు. విడివిడిగా చూస్తే ప్రతి మాటా బాగుంది. పక్కపక్కన పెడితే చుట్టరికం ఎక్కడా కనిపించదు. ఒకచోట కకారం గ్ర్ అయింది, ఇంకోచోట గకారం ఖకారం అయింది. మూడు మాటలు చూసిన పాఠకుడు నాలుగోదాన్ని ఊహించలేడు.

ఆయనకు నేను మొదట చూపించినవి మన పక్కింటి మాటలే. పాలు, హాలు. పులి, హులి. పాము, హావు. మూడు వినగానే, తెలుగులో పకారంతో మొదలయ్యే మాట కన్నడంలో హకారంతో మొదలవుతుందని ఎవరికైనా తడుతుంది. పాత కన్నడంలో ఇవన్నీ పకారంతోనే ఉండేవి. మధ్యలో ఒక మార్పు వచ్చి, మాట మొదట ఉన్న పకారాన్ని వరసపెట్టి హకారం చేసింది. చుట్టరికం ఈ వరసలో కనిపిస్తుంది. వరస లేకపోతే మాటలు ఎంత దగ్గరగా వినిపించినా యాదృచ్ఛికం అనిపిస్తుంది.

ఆయన వెంటనే అడిగారు: "మరి 1000 ఏళ్ళకు ఎన్ని మార్పులు పెట్టాలి?" అంత లెక్క ఎక్కడా లేదు. లాటిన్‌లో వందను కెంతుం అనేవారు. సార్డీనియా ద్వీపంలో ఇప్పటికీ కెంతు అంటారు. ఇటలీలో అది చెంతో అయింది, ఫ్రాన్సులో సాఁ అని ఒకే అక్షరంగా మిగిలింది. గడిచిన కాలం అందరికీ ఒకటే. అందుకని ఏళ్ళ లెక్క పక్కన పెట్టి, రెండు పిల్ల భాషల్లో ఏది దేన్ని దాచుకోవాలి, ఏది దేన్ని పోగొట్టుకోవాలి అన్నది ముందు నిర్ణయిద్దాం అన్నాను.

దీనికి మంచి ఉదాహరణ నవలాకారుడు టోల్కీన్ తన కథల కోసం కల్పించిన భాషల్లోనే ఉంది. చెట్టుకు ఆయన పెట్టిన పాత మాట గలదా. పిల్ల భాషల్లో ఒకటైన క్వెన్యాలో అది అల్ద అయింది, రెండోదైన సిందారిన్‌లో గలధ్ అయింది. ఒకటి మొదటి గకారాన్ని పోగొట్టుకుని చివరి అచ్చును ఉంచుకుంది. రెండోది గకారాన్ని ఉంచుకుని చివరి అచ్చును వదిలేసింది. రెండింటినీ కలిపి చూస్తే తప్ప పాత మాట పూర్తిగా కనబడదు. మన రెండు భాషలూ ఇలాగే ఉండాలని నిర్ణయించుకున్నాం. కొండ భాష హల్లులను గట్టిగా పట్టుకుని మాటల చివరలను పోగొట్టుకుంటుంది. నది భాషలో చివరలు మిగులుతాయి, మధ్య హల్లులు కరిగిపోతాయి. ఈ ఒక్క నిర్ణయం చివరిదాకా మారలేదు.

మొదటి ప్రయత్నం, అది ఎక్కడ దెబ్బతింది

కొండ భాషకు 23 సూత్రాలు రాశాను. ధ్వని మార్పులను వరసగా నడిపే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. సూత్రాలు ఒకవైపు, మాటల పట్టిక ఒకవైపు ఇస్తే క్షణంలో కొత్త మాటలు వస్తాయి. 400 మాటలూ ఎక్కించి నడిపాను. సూత్రాల్లో ముఖ్యమైనవి మూడు, ఈ క్రమంలో: మాట చివరి నకారం పోతుంది. తర్వాత, రెండు అక్షరాలో అంతకన్నా ఎక్కువో ఉన్న మాటల్లో చివరి అచ్చు పోతుంది. ఆ తర్వాత ఇ, ఎ అచ్చుల ముందు ఉన్న కకారం చకారం అవుతుంది, గకారం జకారం అవుతుంది.

ఫలితం చూసి సంతోషించాను. కెర అనే మాట చెర్ అయింది, కిమ చిమ్ అయింది, లుత లుత్ అయింది. కొండ గాలిలా పొట్టిగా, గట్టిగా ఉన్నాయి. రచయితకు పంపాను. ఆయనకూ నచ్చాయి.

వారం తర్వాత ఆయన ఒక సన్నివేశం అనువదించబోయారు. తెల్లవారుజామున ఒకామె తన తమ్ముడిని లేపి "పడవలు ఊళ్ళో ఉన్నాయి" అంటుంది, అంటే శత్రువులు వచ్చేశారని అర్థం. మూలభాషలో దీనికి క్రియ అక్కర్లేదు, మనం "ఆయన మా అన్నయ్య" అన్నట్టే: లుతి తొనెన్. సూత్రాలు నడిపితే లుత్ తొన్ అని వచ్చింది. ఆయన అనుమానంతో "పడవ, ఊరు" అని విడిగా నడిపి చూశారు. మళ్ళీ లుత్, తొన్. పడవ ఒకటా రెండా తెలియదు, ఊళ్ళో ఉందో ఊరికి ఉందో తెలియదు. ఇల్లు, ఇళ్ళు, ఇంట్లో, ఇంటిని అన్న నాలుగింటినీ నడిపితే మొక్, మొక్, మొక్, మొక్. ఆయన నాకు పంపిన మెసేజ్‌లో ఈ నాలుగు మాటలు తప్ప ఇంకేమీ లేవు.

తప్పు నాదే. నేను నడిపింది నిఘంటువు మాటలను. మొక ఉంది, మొకెన్ లేదు. లుత ఉంది, లుతి లేదు. కానీ జనం నోట్లో అరిగేది నిఘంటువు మాట కాదు, వాక్యంలో వాడే రూపం. ప్రత్యయాలన్నీ మాట చివరే ఉన్న భాషలో చివరలను కత్తిరించే సూత్రం పెడితే అది మొదట కోసేది వ్యాకరణాన్నే. కెర చెర్ అవడం వల్ల తాలవ్యీకరణం, అంటే కకారం చకారంగా మారడం, బాగా పనిచేస్తోందని అనుకున్నాను. అది మాట మొదట మాత్రమే పనిచేసింది. మాట చివర దాన్ని పుట్టించాల్సిన ఇకారం, ఎకారం అప్పటికే పోయాయి.

ఆయన ఒక పరిష్కారం సూచించారు: బహువచనానికి కొత్త ప్రత్యయం పెట్టేద్దామని. నేను ఒప్పుకోలేదు. ఆ ప్రత్యయం ఎక్కడి నుంచి వచ్చిందంటే జవాబు లేదు. పైనుంచి తెచ్చి అతికించిన ముక్కను నది భాష పక్కన పెట్టిన వెంటనే చుట్టరికం తెగిపోతుంది. మొదట సూత్రాలను తగ్గించి చూద్దాం, కొత్త సామాను తర్వాత చూద్దాం అన్నాను.

క్రమం మార్చాక

23 సూత్రాల్లో 20 తీసేశాను. అందులో చాలావరకు ఒకటి రెండు మాటలను అందంగా చేయడానికి పెట్టినవే. మూడు సూత్రాలు మిగిలాయి, ఒకటి కొత్తగా చేర్చాను. తర్వాత నామవాచకం ఒక్కోదాన్నీ నాలుగు రూపాల్లో పట్టికలో పెట్టి, చేత్తో కాగితం మీద నడిపాను. ప్రోగ్రాము చివరి ఫలితం చూపిస్తుంది. కాగితం మీద ఏ మెట్టు దగ్గర ఏది పోతోందో కనబడుతుంది.

మొదటి నిర్ణయం: తాలవ్యీకరణం అన్నింటికన్నా ముందు జరగాలి. ఇకారం ముందు కకారం చకారం అవుతుంది, ఆ తర్వాత ఇకారం పోతుంది. కారణం పోయినా ఫలితం మిగిలిపోతుంది. మొకి మొచి అయి, మొచ్ అయింది. మొక మాత్రం మొక్ అయింది. ఇల్లు, ఇళ్ళు విడిపోయాయి.

రెండో నిర్ణయం: చివరి అచ్చు పోయిన తర్వాతే చివరి నకారం పోవాలి. ముందు నకారం పోతే మొకెన్‌లోని ఎకారం బయటపడి, అచ్చులు పోయే సూత్రానికి చిక్కుతుంది. నకారం అడ్డుగా ఉండగానే ఆ సూత్రం దాటిపోతే ఎకారం బతుకుతుంది. మొకెన్, మొచెన్, ఆపై మొచె. పాత క్రమంలో చచ్చిపోయిన "ఇంట్లో" ఈ క్రమంలో బతికింది. సూత్రం ఒక్కటి కూడా మారలేదు, వరస మాత్రమే మారింది.

కానీ కకారం, గకారం లేని మాటల సంగతి? లుత, లుతి రెండూ ఇంకా లుత్ అనే వస్తున్నాయి. ఇక్కడ కొత్త సూత్రం చేర్చాను: తర్వాతి అక్షరంలో ఇకారం ఉంటే ముందున్న అచ్చు దాని వైపు జరుగుతుంది. ఉకారం ఇకారం అవుతుంది, ఒకారం, అకారం ఎకారం అవుతాయి. రచయితకు ఇది కృత్రిమంగా తోచింది. "చివర ఉన్న అచ్చు ముందున్నదాన్ని మారుస్తుందా?" అన్నారు. కత్తి, కత్తులు అని ఆయన చేతే అనిపించాను. లు అనే ప్రత్యయంలోని ఉకారం వెనక్కి పాకి తి ని తు చేసింది. మనిషి, మనుషులు అన్నప్పుడు కూడా చివరి అచ్చును బట్టి లోపలి అచ్చు మారుతుంది. రోజూ చేసే పనే కనుక మనకు వినబడదు. ఇంగ్లీషులో ఫుట్, ఫీట్ అలాగే పుట్టాయి. చివర ఒకప్పుడు ఉన్న ఇకారం ముందున్న అచ్చును మార్చి తాను వెళ్ళిపోయింది.

దాంతో లుత లుత్ అయింది, లుతి లితి అయి లిత్ అయింది. పడవ లుత్, పడవలు లిత్. మొకి ఇప్పుడు మొచి, మెచి, మెచ్. సగి సజి, సెజి, సెజ్. బహువచన ప్రత్యయం పూర్తిగా మాయమైనా, బహువచనం మాట కడుపులోకి వెళ్ళి దాక్కుంది.

ఈ కొత్త సూత్రాన్ని తాలవ్యీకరణానికి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్నదాని మీద మేమిద్దరం ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. కొల (చెయ్యి) బహువచనం కొలి. అచ్చు మార్పు ముందు జరిగితే కెలి అవుతుంది, ఆ ఎకారం కకారాన్ని చకారం చేస్తుంది, చివరికి చెల్. చెయ్యి కొల్, చేతులు చెల్. తాలవ్యీకరణం ముందు జరిగితే అప్పటికి ఒకారమే ఉంది కాబట్టి కకారం క్షేమం, చేతులు కెల్.

నిజ భాషల్లో రెండు దారులూ ఉన్నాయి. మన చెయ్యి మొదటి దారిలో వచ్చిందే. తమిళంలో కై, ద్రావిడ మూలరూపం కయ్. తెలుగులో అది ముందు కెయ్ అయింది, తర్వాత కకారం చకారమై చెయ్ అయింది. తమిళంలో చెవికి చకారం వచ్చినా కై అలాగే మిగిలింది, ఎందుకంటే అక్కడ కకారం తర్వాత ఎకారం లేదు. రెండో దారికి ఇంగ్లీషు కింగ్ ఉదాహరణ. చిన్ అనే మాటలో కకారం చకారమైన కాలంలో, కింగ్‌లో ఇకారం లేదు, ఉకారం ఉండేది. ఆ అచ్చు ముందుకు జరిగేసరికి చకారం చేసే మార్పు ముగిసిపోయింది.

ఆయనకు కొల్, చెల్ జంట నచ్చింది, నాటకీయంగా ఉందన్నారు. నేను కొల్, కెల్ వైపు ఉన్నాను. కారణం పాఠకుడే. నవలలో ఒక మాట రెండు మూడుసార్లు మాత్రమే కనబడుతుంది. మొదటి హల్లు, మధ్య అచ్చు రెండూ ఒకేసారి మారితే ఇది అదే మాట అని ఎవరూ పోల్చుకోరు. మెచ్‌లో మొదటి హల్లు నిలిచింది, అందుకే మొక్‌తో బంధం తెలుస్తోంది. చివరికి ఆయన ఒప్పుకున్నారు. కొండ భాష క్రమం ఇలా స్థిరపడింది: తాలవ్యీకరణం, అచ్చు జరగడం, చివరి అచ్చు పోవడం, చివరి నకారం పోవడం. నాలుగే సూత్రాలు.

మొకు, అంటే ఇంటిని, ఇంకా మొక్ అనే వస్తోంది. దాన్ని అలాగే వదిలేశాం. కర్తకు, కర్మకు తేడా మాటలో లేకపోతే వరసలో చూపించాలి. అందుకే కొండ భాషలో కర్త ఎప్పుడూ ముందే వస్తుంది. మూలభాషలో మాటలను ఎటైనా కదపవచ్చు, ఇక్కడ కుదరదు. ఒక ఉకారం పోతే వాక్యం ఎముకలు గట్టిపడ్డాయి. ఈ కేసులో నాకు బాగా నచ్చిన ఫలితం ఇదే.

నది భాష

ఇది త్వరగా అయిపోయింది. మాట మొదట పకారం హకారం అవుతుంది. అచ్చుల మధ్య ఉన్న పాత గకారం, దకారం కరిగిపోతాయి. ఆ తర్వాత అచ్చుల మధ్య ఉన్న కకారం, తకారం గకారం, దకారం అవుతాయి. చివరి నకారం ముందున్న అచ్చును ముక్కుతో పలికించి తాను పోతుంది, మన అరసున్న లాగా.

ఇక్కడ కూడా ప్రాణం వరసలోనే ఉంది. కకారాలు ముందు గకారాలైతే, తర్వాత పాత గకారాలతో పాటు అవి కూడా కరిగిపోతాయి. సగ, మొక రెండూ సా, మో అయిపోతాయి. పాత గకారం ఖాళీ చేశాకే కకారం ఆ చోటికి రావాలి. లాటిన్ నుంచి స్పానిష్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. జీవితం అనే వీతా వీదా అయింది, చూడడం అనే విదేరె మాత్రం మధ్య దకారం పోగొట్టుకుని వేర్ అయింది. రెండింటిలోనూ ఇప్పుడు దకారం ఉండి ఉంటే ఈ వరస మనకు తెలిసేదే కాదు.

అలా మొక, మొకి, మొకెన్, మొకు నది భాషలో మొగ, మొగి, మొగెఁ, మొగు అయ్యాయి. నాలుగూ భద్రం. లుత లుద అయింది, సగ సా అయింది, సగి సై అయింది. కొండవాళ్ళు మొక్ అంటే నదివాళ్ళు మొగ అంటారు, లుత్ అంటే లుద అంటారు. కానీ సగ్ అంటే మాత్రం సా అంటారు. మూడోది మొదట పొసగనట్టే ఉంటుంది. దాని లోపలి గకారం పాతదని తెలిశాక చక్కగా కూర్చుంటుంది. జాగ్రత్తగా చదివే పాఠకుడికి ఇది దొరికే నిధి.

"ఈ పేరు మాత్రం మార్చకండి"

మూలభాషలో నదీదేవత పేరు మకిన. కొండ భాష సూత్రాల ప్రకారం మచిన, మెచిన, మెచిన్, చివరికి మెచి. రచయితకు ఇది అస్సలు నచ్చలేదు. మొదటి భాగం చదివిన పాఠకులకు మకిన అంటే భక్తి. దాన్ని మినహాయింపుగా వదిలేయమన్నారు. నిజ భాషల్లో మినహాయింపులు ఉంటాయి కదా అని కూడా అన్నారు.

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేను. 1870ల్లో లైప్జిగ్‌లోని భాషావేత్తలు ధ్వని సూత్రాలకు మినహాయింపులు ఉండవని గట్టిగా చెప్పారు. జర్మన్, ఇంగ్లీషు లాంటి భాషల్లో పాత హల్లులు ఎలా మారాయో చెప్పే గ్రిమ్ సూత్రానికి లొంగని మాటల వెనక కూడా ఉదాత్తం, అంటే మాటలో నొక్కి పలికే స్వరం, ఎక్కడ పడేదన్న మరో సూత్రం ఉందని కార్ల్ వెర్నర్ చూపించారు. మరోవైపు, ఒక మార్పు అన్ని మాటలనూ ఒకేరోజు పట్టుకోదని, మాట నుంచి మాటకు పాకుతుందని భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల సాక్ష్యంతో 1978లో చూపించారు. కాబట్టి కొన్ని మాటలు వెనకబడి ఉండడం సాధ్యమే. అయితే దేవత పేరు రచయితకు ఇష్టం కాబట్టి వెనకబడింది అంటే అది భాషకు సంబంధించిన కారణం కాదు.

దారి మన వ్యాకరణంలోనే ఉంది. తత్సమం, తద్భవం. యాత్ర ఉంది, జాతర ఉంది. ముఖం ఉంది, మొగం ఉంది. ఒకే మాట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి జనం నోట్లో అరుగుతూ వచ్చింది, ఒకటి గ్రంథంలోంచి నేరుగా దిగింది. పైగా రెండూ ఒకే అర్థంలో నిలవలేదు, జాతరకు వెళ్ళేవాడిని యాత్రకు వెళ్తున్నాడని అనం. కన్నడంలో పాలు హాలు అయినా పుస్తకం పకారంతోనే ఉండడానికి కారణం ఇదే. అది పండితుల నుంచి వచ్చిన మాట.

అందుకని కొండ భాషలో రెండూ ఉంచాం. పూజల్లో పాడే పాత స్తోత్రాల్లో మకిన. రోజూ నీళ్ళు తెచ్చుకునే నదికి మెచి. మెచి దగ్గర బట్టలు ఉతుకుతారు, మకినకు మొక్కుతారు. రెండూ ఒకటేనని కొండ జనంలో చాలామందికి తెలియదు. రచయిత దీన్ని తీసుకుని ఒక అధ్యాయమే రాశారు. మినహాయింపు ఇచ్చి ఉంటే ఆ అధ్యాయం ఉండేది కాదు.

మిగిలిన చిక్కులు

నెర (రాయి) లాంటి మాటల్లో లోపలి అచ్చు ముందే ఎకారం కాబట్టి బహువచనంలో మార్పు కనబడదు. నెర్, నెర్. ఆయన మొదట అడిగిన కొత్త ప్రత్యయానికి ఇప్పుడు సమయం వచ్చింది, ఎందుకంటే అవసరం భాష లోపలి నుంచే పుట్టింది. మూలభాషలో గర అంటే గుంపు. రాళ్ళ గుంపు, నెర గర. అది నెర్ గర్ అయి, కలిసిపోయి నెర్గర్. కొన్ని తరాల్లో గర్ ప్రత్యయంగా మారి, కొత్తగా వచ్చే మాటలన్నింటికీ అదే చేరుతుంది. నది భాషలోనూ గర అనే మాట ఉంది, అక్కడ అది ఇంకా గుంపే. కాబట్టి చుట్టరికం చెడలేదు.

తర్వాత కొండవాళ్ళు నదివాళ్ళ నుంచి పెద్ద సరుకు పడవలు కొనుక్కున్నారు, మాటతో సహా. చివరి అచ్చులు పోయే కాలం దాటిపోయాక వచ్చింది కాబట్టి లుద అలాగే మిగిలింది. తమ చిన్న పడవ లుత్, బహువచనం లిత్. కొన్న పెద్ద పడవ లుద, బహువచనం లుదగర్. బహువచనం చూస్తే చాలు, ఏ మాట ఇంటిదో ఏది పరాయిదో తెలుస్తుంది.

తొనతో ఒక చిక్కు వచ్చింది. చివరి అచ్చు పోయి తొన్, ఆపై నకారం కూడా పోయి తొ. మూలభాషలో బావికి ఉన్న మాట కూడా తొ. ఊరూ బావీ ఒకటైపోయాయి. ఇలాంటి కలయికలను చూసి భయపడాల్సిన పని లేదు. మనకు సంవత్సరం అనే ఏఁడు, సంఖ్య అనే ఏడు వేరుగా ఉండేవి. అరసున్న పలకడం మానేశాక ఒకటయ్యాయి. చాలాచోట్ల సందర్భం చూసుకుంటుంది, తికమక ఉన్నచోట ఏడాది అంటున్నాం. కొండ భాషలో బావికి వస్తొ అని పెట్టాం. వస్ అంటే నీళ్ళు. ఊరు తొ గానే ఉండిపోయింది.

ఇలా సర్దుకున్నవి కొన్నే. కలిసిపోయిన మాటల జంటలన్నింటినీ పట్టికగా రాసి, ఒకే వాక్యంలో రెండూ వచ్చే అవకాశం ఉన్నవాటికే మరమ్మతు చేశాం. మిగతావి వదిలేశాం.

ఈ కేసు తర్వాత మారినవి

ఇప్పుడు ఎవరైనా మూలభాషతో వస్తే నేను నిఘంటువు అడగడం లేదు. పది వాక్యాలు అడుగుతున్నాను. అందులో ఏకవచనం, బహువచనం, కనీసం మూడు విభక్తులు, ఒక ప్రశ్న, ఒక వ్యతిరేకం ఉండాలి. సూత్రాలు నడిపేది ఆ వాక్యాల మీద. నిఘంటువు చివర్లో వస్తుంది. సూత్రం ఒక్కోటి చేర్చినప్పుడల్లా, ఏ రెండు రూపాలు కలిసిపోయాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. కలిసిపోవడం తప్పు కాదు. తెలియకుండా కలిసిపోవడమే ఇబ్బంది.

సూత్రం పెట్టేముందు వరస మార్చి కనీసం ఒకసారి నడిపి చూస్తాను. ఈ కేసులో కొత్త సూత్రాలు చేర్చడం వల్ల వచ్చిన లాభం కన్నా ఉన్నవాటి వరస మార్చడం వల్ల వచ్చిన లాభమే ఎక్కువ. క్రియల విషయంలో మాత్రం ఈ పద్ధతిని ఆలస్యంగా వాడాను. నామవాచకాలు కుదిరాక క్రియలను నడిపితే కొండ భాషలో నేను, నువ్వు, వాడు అన్న తేడాలు క్రియల చివర పోయాయి. సర్వనామం ప్రతి వాక్యంలోనూ తప్పనిసరిగా వాడేలా చేసి సరిపెట్టాం. ముందే చూసుకుని ఉంటే మరో దారి కూడా ఆలోచించేవాళ్ళం.

పని అయిపోయిన కొన్ని నెలలకు ఆయన రెండో భాగంలోని ఒక పేజీ పంపి, ఇది సరేనా అని అడిగారు. ఊరు తొ కదా, ఊళ్ళో అంటే తొనె. తొనెన్‌లో మధ్య నకారం చివరన లేదు కాబట్టి బతికిపోయింది. ఒంటరిగా ఉన్నప్పుడు కనబడని నకారం విభక్తి చేరగానే బయటికి వస్తుంది, మనకు ఇల్లు, ఇంట్లో; రాయి, రాతి ఉన్నట్టే. ఆ పేజీలో కొండ ఊరి నాలుగేళ్ళ పిల్లాడు అక్కతో "తొయె" అంటాడు. లుత్‌కు లుతె అయితే తొకు తొయె కదా అని వాడి లెక్క. అక్క నవ్వి "తొయె కాదురా, తొనె" అని సరిదిద్దుతుంది.

సరేనని రాశాను. మన పిల్లలు "ఇల్లులో" అనడం ఎన్నిసార్లు వినలేదు? మూడో భాగం ఇంకో 300 ఏళ్ళ తర్వాత జరుగుతుందని ఆయన అప్పుడే చెప్పారు. అక్కడ ఊరంతా తొయె అంటుంది.